రహీం సాబ్ చేతిలో స్పీకర్ లేదు

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో మొదలైంది.

పంపింది మా గోదావరిఖని పిల్లలు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే ఫుట్‌బాల్ ఆడే బ్యాచ్. అందరూ టెన్త్, ఇంటర్ చదివేవాళ్లే. వాళ్లకో టోర్నమెంట్ ఉంది. మెసేజ్ ఏంటంటే: "అన్నా, నువ్వు వీడియోలు చేస్తవు గదా, మాకో పాట సెట్ చెయ్యరాదే. మ్యాచ్‌కు ముందు పెట్టుకుంటం. వింటే పూనకం రావాలె."

సరే అన్నాను. పది నిమిషాల పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఎందుకంటే మధ్యలో ఒక ప్రశ్న అడ్డం పడింది. ఒక ఊరి టీమ్‌కు పాట వెతకడమే ఇంత తలనొప్పి అయితే, ఒక దేశం టీమ్‌కు ఎవరు వెతుకుతారు? మన ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఆసియా క్రీడల్లో చివరిసారి గోల్డ్ గెలిచింది 1962లో. ఆ రోజు వాళ్ల చెవుల్లో ఏం మోగింది?

ఆ టీమ్‌ను తయారుచేసింది ఒక హైదరాబాదీ స్కూల్ టీచర్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. ఈ ఎపిసోడ్ ఆయన గురించి, పాట గురించి, చివర్లో మా బాపు చెప్పిన ఒక మాట గురించి. స్కిప్ చేయకుండా వినండి.

ముందు నా పరువు నేనే తీసుకుంటా

బీటెక్ థర్డ్ ఇయర్‌లో నేను కాలేజ్ ఫుట్‌బాల్ టీమ్‌లో సబ్‌స్టిట్యూట్. అంటే ఎక్కువ బెంచ్ మీదే. ఆడే పని లేదు కాబట్టి డీజే పని నాకిచ్చారు. బ్లూటూత్ స్పీకర్ నాదే, ప్లేలిస్ట్ నాదే. ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌కు ముందు బస్‌లో నలభై నిమిషాలు మాస్ పాటలు మోగించాను. సీట్లు ఊడిపోయేలా డ్యాన్స్ చేశారు మావాళ్లు. గ్రౌండ్‌లో దిగేసరికి సగం మందికి గొంతు పోయింది, మిగతా సగానికి ఊపిరి ఆడట్లేదు.

4-0. ఓడిపోయింది మేమే.

మ్యాచ్ అయ్యాక మా గోల్‌కీపర్ నా దగ్గరికొచ్చి మెల్లగా ఒక మాట అన్నాడు. "మామా, ఆ పాటల్లో డిఫెన్స్ గురించి మాట్లాడుకోనేలేదురా." అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

అలాగని సంగీతం పనిచేయదని కాదు. పనిచేస్తుంది. ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇండోర్ 2000 మీటర్లు పరుగెత్తేటప్పుడు 'స్కాట్‌మ్యాన్' పాట పెట్టించుకున్నాడు. ఆ పాట బీట్, ఆయన అడుగు వేగం కలుస్తాయి. ప్రపంచ రికార్డు కొట్టాడు. స్పోర్ట్స్ సైన్స్ వాళ్లు కూడా ఒక మాట చెప్తారు. ఒక మోస్తరు వేగంతో పరుగెత్తేటప్పుడు బీట్ సరిగ్గా కుదిరితే అలసట తక్కువగా అనిపిస్తుంది.

కానీ గమనించండి. పరుగు ఒక్కడిది, లయ ఒకటే. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది, పదకొండు లయలు. వింగర్‌కు ఆవేశం కావాలి, గోల్‌కీపర్‌కు చల్లదనం కావాలి, సెంటర్ బ్యాక్‌కు ఓపిక కావాలి. ఒక్క పాటతో ముగ్గురికీ మూడు మందులు ఎలా వేస్తారు? కోడ్ రాసేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. మూడు వేరే ఇన్‌పుట్‌లకు ఒకటే ఫంక్షన్ రాసి, మూడు వేరే అవుట్‌పుట్‌లు రావాలంటే రావు.

ప్రతి నేషనల్ టీమ్‌కు ముందే ఒక పాట ఉంది

ఇంకో విషయం. నేషనల్ టీమ్‌కు పాట ఎవరు ఎంచుకోవాలి అని మనం గొడవపడతాం కానీ, ప్రతి నేషనల్ టీమ్ మ్యాచ్‌కు ముందు ఒక పాట మోగుతుంది. అది జాతీయగీతం. మన దానికి 52 సెకన్లు.

దీని వెనకాల మన తెలుగు నేల కథ ఒకటుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన జనగణమన మొదటిసారి 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె వచ్చారు. అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. ఇద్దరూ ఐర్లాండ్ వాళ్లు. మార్గరెట్‌కు పాశ్చాత్య సంగీతంలో మంచి పట్టు ఉంది. ఠాగూర్ అక్కడే పాటను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. దాని స్వరాలను కాగితం మీద పెట్టింది మార్గరెట్. అంటే ఈ రోజు స్టేడియంలో మన ఆటగాళ్లు నిలబడి పాడే ఆ బాణీ చరిత్రలో మదనపల్లె ఉంది.

తర్వాత ఎంపిక. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల సందర్భంగా మన ప్రతినిధులను మీ జాతీయగీతం ఏదని అడిగారు. వాళ్ల దగ్గరున్నది జనగణమన రికార్డు. ఆర్కెస్ట్రా వాయించింది, విన్నవాళ్లకు నచ్చింది. 1948 ఆగస్టులో నెహ్రూ రాజ్యాంగ సభలో ఈ విషయం చెప్పారు. జాతీయగీతం విషయంలో మాటలకన్నా బాణీయే ముఖ్యమని, బ్యాండ్‌లు, ఆర్కెస్ట్రాలు వాయించగలగాలని ఆయన వాదన. 1950 జనవరి 24న అధికారికమైంది.

చూశారా, దేశానికి పాట ఎంచుకోవడం ఎంత లెక్కతో జరిగిందో. అయినా ఆ పాట ఒక్కటే మ్యాచ్ గెలిపించదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మీద మనం 10-1తో ఓడిపోయాం. ఇక్కడికి రహీం సాబ్‌ను తీసుకొద్దాం, ఎందుకంటే ఆ ఓటమి రోజు కూడా కోచ్ ఆయనే.

స్కూల్ టీచర్

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తి టీచరు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్ అయ్యారు. ఆ టీమ్ రికార్డు వినండి: 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్. బొంబాయిలో జరిగే ఆ కప్పు అప్పట్లో దేశంలో పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. కలకత్తా క్లబ్బులు రాజ్యమేలే కాలంలో, ఒక పోలీసు టీమ్, అదీ మన హైదరాబాద్ నుంచి వెళ్లి ఐదేళ్లు వదలకుండా పట్టుకుంది.

టీచర్ కోచ్ అయితే ఎలా ఉంటుంది? హోంవర్క్ ఇస్తాడు. ఎడమకాలు సరిగ్గా పలకని వాళ్ల కోసం రహీం సాబ్ ప్రత్యేకంగా మ్యాచ్‌లు పెట్టేవారు. రూల్ ఒకటే: వాటం లేని కాలితోనే ఆడాలి. అప్పట్లో మనవాళ్లు బాల్ దొరికితే ఒక్కడే డ్రిబుల్ చేసుకుంటూ పోయేవారు. ఆయన వన్ టచ్ పాస్ నేర్పించారు. హంగేరీ టీమ్ ఆటను చదివి, మన టీమ్‌ను ఆ పద్ధతిలోకి మార్చారు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. 1951లో రహీం కోచ్‌గా ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి గోల్డ్. 1952లో ఆ పది గోల్స్ దెబ్బ. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, చివరికి నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా.

పదేళ్ల గ్రాఫ్ అది. మధ్యలో పాతాళం కూడా ఉంది. పది గోల్స్ తిన్న రోజు తర్వాత మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి.

సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి ఒక కుర్రాడు దొరికాడు ఆయనకు. తులసీదాస్ బలరాం. తమిళ కుటుంబం, ఇంట్లో డబ్బు లేదు. ప్రాక్టీస్‌కు అంత దూరం రాలేనని చెప్తే, సైకిల్ అద్దెకు రహీం సాబ్ డబ్బులిచ్చారు. ఇది మోటివేషనే కదా? పాట కాదు, స్పీచ్ కాదు, సైకిల్ అద్దె. కుర్రాడికి కావలసింది పూనకం కాదని, రావడానికి దారి అని ఆయన కనిపెట్టాడు.

జకార్తాలో మోగింది ఏంటి

ఇప్పుడు 1962. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దీన్ని మన దేశానికి చెందిన క్రీడా అధికారి జి.డి. సోంధీ తప్పుబట్టారు. వీటిని ఆసియా క్రీడలు అని పిలవకూడదన్నారు. దాంతో జకార్తా జనానికి ఇండియా అంటేనే కోపం వచ్చేసింది. సెప్టెంబర్ 3న మన ఎంబసీ మీద గుంపు దాడి చేసింది. మరుసటి రోజు, సెప్టెంబర్ 4, ఫుట్‌బాల్ ఫైనల్.

మనవాళ్ల పరిస్థితి చూడండి. బస్‌కు మన జెండా పెట్టుకోలేరు. సీట్లలో కనబడకుండా బస్ కింద కూర్చుని స్టేడియానికి వెళ్లాల్సి వచ్చింది. ఎదురుగా దక్షిణ కొరియా. అదే టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన టీమ్. ఆ తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలుచుకుంటూ వచ్చారు మనవాళ్లు. కానీ టీమ్ మొత్తం దెబ్బలే. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం వచ్చి మధ్యలో మ్యాచ్‌లు ఆడలేదు.

ఇలాంటి రాత్రి మీరు కోచ్ అయితే ఏం చేస్తారు? నేనైతే ప్లేలిస్ట్ పెట్టేవాణ్ని, నా బతుక్కి.

రహీం సాబ్ ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క కోరిక కోరారు. రేపు నాకు ఒక బహుమతి కావాలి, ఆ గోల్డ్ మెడల్ ఇవ్వండి అని. అంతే. అరుపులు లేవు, తిట్లు లేవు. ఆ ఆటగాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఇంటర్వ్యూల్లో గుర్తుచేసుకున్నది ఈ మాటనే. పదేళ్లుగా ఇచ్చినవాడు మొదటిసారి అడిగాడు. అందుకే ఆ మాట పనిచేసింది. అదే మాట నిన్న మొన్న వచ్చిన కోచ్ అంటే ఎవడు పట్టించుకుంటాడు?

కానీ మాటతో ఆగలేదాయన. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్‌లో పెట్టకుండా సెమీస్ నుంచి ఫార్వర్డ్‌గా దింపారు. జ్వరం తగ్గిన తంగరాజ్‌ను ఫైనల్‌కు గోల్‌లో నిలబెట్టారు. ఎవరి ఒంట్లో ఏముందో తెలిసిన మనిషి చేసే లెక్క ఇది.

స్టేడియంలో సుమారు లక్ష మంది. దాదాపు అందరూ మనల్ని ఎగతాళి చేస్తున్నవాళ్లే. బాల్ మన కాలికి తగిలితే చాలు, అరుపులు. ఆ లక్ష గొంతుల మధ్య మన వైపు అరిచింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ టీమ్. హాకీ ఫైనల్లో మనల్నే ఓడించి గోల్డ్ గెలిచినవాళ్లు. స్టాండ్స్‌లో కూర్చుని ఇండియాను ఉత్సాహపరిచారు. ఆ మ్యాచ్‌లో మనకు దొరికిన సంగీతం అదే.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్. 20వ నిమిషంలో తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ గోల్. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి చేతికి గోల్డ్. ఆ టీమ్‌లో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లు. సైకిల్ అద్దె వృథా పోలేదు.

రహీం సాబ్ ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మళ్లీ గోల్డ్ గెలవలేదు. 2024 ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ రహీం పాత్ర వేశారు, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం. అంటే 1962 టీమ్‌కు స్టేడియం అదిరే పాట దొరికింది. కాకపోతే 62 ఏళ్లు ఆలస్యంగా.

బొగ్గు ఊళ్ల పాటలు

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడగాలి. "అన్నా, మరి పాటతో టీమ్ లేచిన సందర్భాలు లేవా?" ఉన్నాయి. నాకు దొరికిన వాటిలో రెండు మన ఊరికి చుట్టాల్లాంటివి, ఎందుకంటే రెండూ గనుల కథలే.

మొదటిది వేల్స్. బ్రిటన్‌లో చిన్న దేశం, ఒకప్పుడు బొగ్గు మీద బతికిన దేశం. 1913లో సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు చనిపోయారు. 1966లో ఆబర్‌వాన్‌లో గని మట్టి గుట్ట జారి బడి మీద పడి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. అలాంటి చోట 1983లో డవిద్ ఇవాన్ అనే జానపద గాయకుడు తమ వెల్ష్ భాషలో ఒక పాట రాశాడు. పేరు 'అమా ఓ హీడ్'. ఇంకా ఇక్కడే ఉన్నాం అని అర్థం. ఆ మరుసటి ఏడాది బ్రిటన్‌లో పెద్ద బొగ్గు సమ్మె, తర్వాత గనుల మూసివేతలు.

దాదాపు నలభై ఏళ్లకు ఆ పాటను ఫుట్‌బాల్ అభిమానులు, ఆటగాళ్లు తమదిగా చేసుకున్నారు. 2022 మార్చిలో ఆస్ట్రియాతో, జూన్‌లో ఉక్రెయిన్‌తో కీలక మ్యాచ్‌లకు ముందు 78 ఏళ్ల ఇవాన్ గ్రౌండ్‌లోకి వచ్చి పాడాడు. రెండూ వేల్స్ గెలిచింది. 64 ఏళ్ల తర్వాత వరల్డ్ కప్‌కు వెళ్లింది. ఆ దేశం ఫుట్‌బాల్ సంఘం అదే పాటను వరల్డ్ కప్ అధికారిక పాటగా ఎంచుకుంది. కోచ్ రాబ్ పేజ్ గనుల లోయలోనే పెరిగినవాడు. వరల్డ్ కప్ టీమ్‌ను తన సొంత ఊరు టైలర్స్‌టౌన్‌లో, కార్మికుల వెల్ఫేర్ హాల్లో ప్రకటించాడు.

కానీ ఖతార్‌లో ఏమైంది? అమెరికాతో 1-1 డ్రా, ఇరాన్ చేతిలో 2-0, ఇంగ్లండ్ చేతిలో 3-0 ఓటమి. గ్రూప్‌లో చివరి స్థానం. పాట గుమ్మం దాకా తీసుకెళ్లింది, లోపల ఆట ఆడలేకపోయింది. దీన్ని దాచి చెప్తే అది మోటివేషన్ రీల్ అవుతుంది, చరిత్ర అవ్వదు.

రెండోది దక్షిణాఫ్రికా. 'షోషోలోజా' అనే పాట. ఇది జింబాబ్వే వైపు నుంచి దక్షిణాఫ్రికా గనుల్లో పనికి రైళ్లలో వచ్చిన వలస కూలీల పాట. అందరూ కలిసి పలుగు, పార ఒకే దెబ్బగా వేయడానికి పాడుకునేది. అది ఫుట్‌బాల్ కాదు, రగ్బీ. 1995 వరల్డ్ కప్‌లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఆ పాట పాడారు. జూన్ 24న న్యూజిలాండ్‌ను 15-12తో ఓడించి దక్షిణాఫ్రికా కప్పు గెలిచింది.

ఈ రెండింట్లో కామన్ ఏంటి? రెండు పాటలూ స్పోర్ట్స్ కోసం పుట్టలేదు. ఏ మార్కెటింగ్ టీమూ మీటింగ్ పెట్టి రాయించలేదు. కష్టంలో పుట్టి, జనం నోళ్లలో నలిగి, తర్వాత గ్రౌండ్‌కొచ్చాయి. ఎంచుకోవడం అంటే అక్కడ కొత్తది కనిపెట్టడం కాదు, ఇప్పటికే పాడుతున్నది వినడం.

మనకు తెలియనిదా ఇది? 2011 సకల జనుల సమ్మె. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సింగరేణి బాయిలు బంద్. మా ఖని మెయిన్ చౌరస్తాలో డప్పులు, గజ్జెలు, పాటలు. షిఫ్ట్‌కు పోయే టైమ్‌కు మా బాపు ఇంట్లో ఉండటం నాకు కొత్త. జీతం లేదు, కిరాణా షాపులో ఖాతా పెరుగుతోంది, అయినా సాయంత్రమైతే చౌరస్తాకు పోయేవాడు. పాట విని సమ్మెలోకి పోలేదాయన. సమ్మెలో ఉన్నాడు కాబట్టి పాట ఆయనదైంది. ఈ తేడా అర్థమవ్వడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

కప్పు చప్పుడు

ఇక మా పిల్లల దగ్గరికి వద్దాం. మూడు వారాలైనా నా దగ్గర పాట లేదు. 37 పాటల లిస్టు ఉంది. ఒక ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఆ లిస్టు బాపుకు వినిపించాను. బాపు అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరైన మనిషి. నాలుగు పాటలు విని, ఫోన్ పక్కన పెట్టమన్నాడు.

"బిడ్డా, బాయిల దిగినంక ముందుగల్ల ఏం జేస్తమో ఎరుకేనా?"

"ఏం చేస్తరు బాపూ?"

"కట్టెతోటి కప్పు కొట్టి సూస్తం. గట్టిగున్న కప్పు గణగణమంటది. లోపట పగులున్నదనుకో, డొల్లగ మోగుతది. ఆ సప్పుడు ఇనకుంట పని మొదలువెడితే పానం పోతది. నువ్వు ఆ పోరగాళ్ల సప్పుడు ఇన్నవా?"

వినలేదు. నిజం చెప్తున్నాను, ఒక్కసారి కూడా వినలేదు. వాళ్లు ఎలా ఆడతారో కూడా చూడకుండా పాట వెతుకుతున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే స్టేడియానికి పోయాను. స్పీకర్ పట్టుకుపోలేదు. ప్రాక్టీస్ అయ్యాక గ్రౌండ్ పక్కన కూర్చుని, "ఏందిరా భయం?" అని అడిగాను. ముందు నవ్వారు. తర్వాత గోల్‌కీపర్ పిల్లగాడు మాట్లాడాడు. పోయినేడు వాడి కాళ్ల మధ్య నుంచి బాల్ పోయి టీమ్ ఓడిందట. ఆ వీడియో ఇంకా గ్రూపులో తిరుగుతోందట. ఎవరో జోక్ పాట కలిపి పెట్టారట. "అన్నా, పాట మోగితే నాకు గదే యాదికొస్తది" అన్నాడు.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వీడికి పూనకం తెప్పించే పాట కోసం నేను మూడు వారాలు తిరిగాను. వాడికి పాటంటేనే భయం. నా బీటెక్ గోల్‌కీపర్ గుర్తొచ్చాడు. రహీం సాబ్ సైకిల్ గుర్తొచ్చింది.

ఆ పిల్లల్లోనే కెప్టెన్ లేచి, అందరి ఫోన్‌లు అడిగి ఆ వీడియో డిలీట్ చేయించాడు. గ్రూప్‌లో కూడా తీయించాడు. లెఫ్ట్ బ్యాక్ పిల్లగాడు, పోయినసారి బాల్ అక్కడిదాకా వచ్చింది తను ఆపనందుకేనని ఒప్పుకున్నాడు. ఆ రోజు టీమ్‌కు కావలసిన మోటివేషన్ అయిపోయింది. నేను చేసింది అడగడం ఒక్కటే.

లేచి పోతుంటే ఒకడు సరదాగా నోటితో షిఫ్ట్ సైరన్ కూత పెట్టాడు. చిన్నగా మొదలై పెద్దదై మళ్లీ తగ్గేది. ఇంకొకడు కలిపాడు. మొత్తం టీమ్ కలిపింది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కదా, ఎవరికీ నేర్పాల్సిన పని లేదు. గోల్‌కీపర్ అందరికన్నా గట్టిగా అరిచాడు. టోర్నమెంట్‌లో ప్రతి మ్యాచ్‌కు ముందు అదే కూత పెట్టారు. సెమీఫైనల్ దాకా పోయారు. సెమీస్‌లో 1-0తో ఓడారు. ఆ గోల్ కీపర్ తప్పు కాదు, వాడు ఆ మ్యాచ్‌లో ఒక పెనాల్టీ ఆపాడు.

చివరిగా ఒక మాట. 2024 సెప్టెంబర్ 9న గచ్చిబౌలి స్టేడియంలో మన ఇండియా టీమ్ సిరియా చేతిలో 3-0తో ఓడిన రోజు నేను అక్కడే ఉన్నాను. బయటికొస్తుంటే నా ఫ్రెండ్ అన్నాడు, "మనోళ్లకో మంచి పాట పడాలిరా." అప్పుడు నేనూ అవునన్నాను. ఇప్పుడైతే వేరేలా చెప్తాను. రహీం సాబ్ నడిచిన ఊరిలోనే ఆ మ్యాచ్ జరిగింది. పదేళ్లు ఓపికగా ఎడమకాలు నేర్పించి, సైకిల్ అద్దె ఇచ్చి, ఎవరికి జ్వరమో ఎవరికి భయమో తెలుసుకునే మనిషిని ముందు వెతుకుదాం. పాట దానంతట అదే వస్తుంది. వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి చెవులుంటే చాలు.

మీ ఊరి టీమ్ గ్రౌండ్‌లోకి దిగేముందు ఏం చప్పుడు చేస్తుందో కామెంట్లో రాయండి. సినిమా పాట పేరు వద్దు, మీ సొంత చప్పుడు రాయండి. అన్నీ చదువుతాను. ఉంటాను మరి, నమస్తే.